చెన్నయ్య నాష్టకు జొన్న బిస్కెట్లు

పెబ్బేరుల ఎరువుల దుకాణం చెన్నయ్యకు షుగరొచ్చింది. ఊరంత నమ్మింది గని చెన్నయ్య ఒక్కడే జల్ది నమ్మలే. షుగరు పైసలున్న పెద్దోళ్ళకొచ్చే రోగమని నిన్నటిదాంక మందికి చెప్పినోడాయె, తనదాంక వచ్చేసరికి గర్వపడాల్నా భయపడాల్నా తెల్వక రెండూ చేసిండు. మొదటి వారం గర్వపడిండు. మందుబస్తాలకొచ్చిన రైతులకల్లా "మూడు వందల నలభై ఉన్నదంట" అని, ఎకరానికి ఇన్ని క్వింటాళ్ళు పండినయి అన్నట్టు చెప్పిండు. రెండో వారం కొత్త చెప్పు కరిచి కాలి చిటికెన వేలు మీద పుండయ్యింది. అది మానలే. అప్పటికెల్లి భయపడుడు మొదలువెట్టిండు.

అసలు భయం సత్యమ్మది. చెన్నయ్య పెండ్లాము ఆమె. ఇటిక్యాలల ఆమె అక్క మొగనికి గూడ గిట్లనే వేలుతోటి మొదలై మోకాలుదాంక పోయింది. ఆ బావ ఇప్పుడు అరుగు మీద కూసొని, పోయేటోళ్ళను వచ్చేటోళ్ళను తిట్టుకుంట పొద్దు గడుపుతుండు. అందుకే కర్నూలు డాక్టరు చెప్పిన మాట సత్యమ్మ గుండెల రాయి వడ్డట్టయింది. "రెండు నెలలు టైం ఇస్తున్నానమ్మా. షుగర్ దిగితే పుండు మానుతుంది. దిగకపోతే వేలు తీసెయ్యాలి" అన్నడు ఆయన, పెరట్ల వంకాయ తెంపినంత నిమ్మలంగ. తీపి బందు, డాల్డా బందు, మైదా బందు, బేకరీ దిక్కు చూసుడే బందు. పొద్దుగాల జొన్నరొట్టె, మాపటికి జొన్నరొట్టె.

జొన్నరొట్టె అన్న మాట ఇనంగనే చెన్నయ్య, డాక్టరు తన తాతను తిట్టినట్టు లేచిండు.

ఆయన బాధ ఆయనది. చిన్నప్పుడు ఒక ఆసామి ఇంట్ల జీతమున్నడు. పొద్దుగాల ఎడ్లకు సొప్ప, ఈనకు నిన్నటి జొన్నరొట్టె. రెండింట్ల ఏది మెత్తగుండెనో ఈన ఇప్పటికి చెప్పలేడు. తనకంటు దుకాణం వడ్డ దినమే పెండ్లాన్ని పిలిచి, "ఇగ నా ఇంట్ల జొన్నపిండి కనవడొద్దు" అన్నడు. పదహారేండ్లాయె. రొట్టెల పెనం అటకెక్కింది. సత్యమ్మకు రొట్టె తినబుద్ధయితే చేనుకు పోయి, కూలోళ్ళ సద్దిల ఒక తుంట అడుక్కొని, ఇన్ని పచ్చిమిరపకాయలు నంజుకొని తిని, మూతి తుడుసుకొని ఇంటికొస్తది. దుకాణపాయన పెండ్లాం బతుకు గట్లుంటది.

"నేను దుకాణంల కూసొని జొన్నరొట్టె నములుతుంటే సంతకొచ్చినోళ్ళు ఏమంటరే? చెన్నయ్య దివాలా తీసిండంటరు" అన్నడు.

"కాలు తీసినంక ఏమంటరు?" అన్నది సత్యమ్మ.

"పాపం అంటరు. దాంట్లనన్న జర ఇజ్జత్ ఉంటది."

ఇగ గసుంటోనితోటి ఏం మాట్లాడతవ్! పొద్దుగాల ఆరింటికి షట్టరెత్తుతడు. రోడ్డు దిక్కు మొఖం పెట్టి కుర్చీల కూసుంటడు. పెద్ద గ్లాసెడు చాయ్, ఎనిమిది బేకరీ బిస్కెట్లు. ఒక్కొక్కటి చాయ్‌ల ముంచి, ఇరగకముందే నోట్ల వేసుకుంటడు. పదహారేండ్లుగ అదే నాష్ట. అది ఆయనకు తిండి గాదు, నేను బాగువడ్డ అని ఊరికి దినం చెప్పే ముచ్చట. ఒకని కడుపుల కెల్లి బిస్కెట్ తీసెయ్యొచ్చు గని, గా ముచ్చట ఎట్ల తీస్తవు?

ఇగ సుహాసిని సంగతి. వాళ్ళ ఇంటి ఎనక పోర్షన్ల కిరాయికుండే లెక్చరర్ సారు భార్య ఆమె, హైదరాబాద్ల పుట్టి పెరిగిన మనిషి. మధ్యాహ్నం టీవీల వంటల ప్రోగ్రాం వస్తే డైరీ పెన్ను పట్టుకొని కూసుంటది. మూడేండ్లల రెండు డైరీలు నింపింది. దాంట్ల రాసినయి ఒక్కటన్న వండంగ ఎవ్వరు చూడలే. వండితే చెడిపోతయని భయం గావొచ్చు.

"అన్న రొట్టె తినరు, బిస్కెట్ తింటరు. అంతే కదక్కా?" అన్నది సుహాసిని. "మరి జొన్నపిండితోనే బిస్కెట్లు చేస్తే సరిపోతుంది. సిటీలో ఇప్పుడు అందరికీ ఇదే బ్రేక్‌ఫాస్ట్. మైదా లేదు, చక్కెర లేదు. ఆరోగ్యానికి ఆరోగ్యం, స్టైల్‌కి స్టైల్."

సత్యమ్మకు దేవుడే సుహాసిని నోట్ల కూసొని చెప్పినట్టయింది. అదే జొన్న, అదే మనిషి. గుండ్రంగ పెద్దగ చేస్తే పరువు పోతది, గుండ్రంగ చిన్నగ చేస్తే పరువు పెరుగుతది. ఇంత అల్కగ ఉంటదని ఎవరికి ఎరుక!

డైరీ తీసి సుహాసిని చదివింది. జొన్నపిండి రెండు పాళ్ళు, రాగిపిండి ఒక పాలు, దంచిన పల్లీలు, నువ్వులు, తీపికి జర ఖర్జూరం ముద్ద, ఒక చెంచా నెయ్యి, పిడికెడు ఓట్స్. ఓట్స్ అనేటి వస్తువు పెబ్బేరుల ఏ కిరాణంల దొరకలే. ఒక సేటు మాత్రం "గుర్రం ఎప్పుడు కొన్నరమ్మా?" అని అడిగిండు. సత్యమ్మ ఆ ముక్క ఇడిసిపెట్టి, మిగిలినయన్ని కలిపి, డైరీల చెప్పినట్టే కుక్కర్ల ఇసుక పోసి, దాని మీద పళ్ళెం పెట్టి, పళ్ళెంల బిస్కెట్లు పేర్చి పొయ్యి మీదెక్కిచ్చింది. కుక్కరు రబ్బరు తియ్యాలన్న ముక్క డైరీల ఉన్నదంట. సుహాసిని అది చదువుతుంటే సరిగ్గ అప్పుడే పాలోడొచ్చిండు.

ముందుగాల రబ్బరు కాలింది. ఎనక పొగ లేసింది. ఎవరో ఎరువుల గోదాముకు నిప్పంటుకుందని ఉరికొచ్చిండ్రు. అంత లొల్లి అయినంక పళ్ళెం తీసి చూస్తే బిస్కెట్లు నల్లగ, నున్నగ, వాగుల ఏరుకొచ్చిన రాళ్ళ లెక్కనే ఉన్నయి. ఒకటి తీసి గోడకేసి కొడితే గోడ పెచ్చు ఊడింది గని బిస్కెట్‌కు ఏం గాలే.

"ఇదేందే, నాష్టనా పునాది రాయా?" అని చెన్నయ్య పడిపడి నవ్విండు. నవ్వుకుంట నవ్వుకుంటనే, ఆ పుండు కాలు ముందల చాపి, బేకరీ బిస్కెట్ చాయ్‌ల ముంచిండు. సత్యమ్మ వంటింట్లకు పోయి కొంగు నోట్ల కుక్కుకొని ఏడ్చింది. వేలు పోయేది ఆయనది, నవ్వేది ఆయన, ఏడ్చేది ఈమె. పెండ్లినాడు మంత్రాలల్ల గిది గూడ చదివిండ్రేమో, సన్నాయి సప్పుడుల ఇనవడలే.

"దీనికి ఓవెన్ ఉండాలక్కా" అన్నది సుహాసిని, ముందుగాల చెప్పకుండ ఎనక చెప్పుడు ఆమె అలవాటు. పెబ్బేరుల ఓవెన్ యాడిది! గని వనపర్తిల ఆశీర్వాదం అనేటాయన బిస్కెట్ల భట్టీ ఉన్నది. గా సంగతి ఆ చుట్టుముట్టు అందరికి ఎరుకనే. మనమే మైదా, చక్కెర, డాల్డా కొని తీస్కపోవాలె. ఆయన మన ముందలనే కలిపి, అచ్చులేసి, భట్టీల కాల్చి, మన డబ్బాలనే నింపి ఇస్తడు. సరుకు మనది, చెయ్యి ఆయనది. క్రిస్మస్ వస్తే కిరస్తానపోళ్ళు, రంజాన్ వస్తే తురకోళ్ళు, ఎండాకాలం సెలవులొస్తే పోరగాళ్ళున్న తల్లులందరు డబ్బాలు పట్టుకొని ఆ భట్టీ ముందల కూసుంటరు.

రెండువేల ఆరు డిసెంబరు, క్రిస్మస్‌కు ఇంక నాలుగు దినాలుందనంగ సత్యమ్మ వనపర్తి బస్సెక్కింది. చంకల పిండి సంచి, దాంట్లనే పల్లీలు, ఖర్జూరం పొట్లాలు, చేతుల ఖాళీ నూనె డబ్బా. భట్టీ కాడ చూస్తే జాతర లెక్కుంది. ఇర్వై ముప్పై మంది ఆడోళ్ళు, డబ్బాల మీద డబ్బాలు, వాటి మీద పెయింటుతోటి రాసిన పేర్లు. కోడేరు నుంచి వచ్చిన సరిత అనే ఆమె పక్కకు జరిగి జాగిచ్చింది. ఇచ్చి ఊకుంటదా, సంచిల తొంగి చూసింది.

"ఇదేందక్కా, జొన్నపిండా? బర్రెకు దాణా గూడ ఈడనే చేపిస్తున్నవా?"

"మా ఇంటాయనకు" అన్నది సత్యమ్మ.

సరిత సంచి మూతి మెల్లగ మూసింది. ఆ ఇంటాయన ఎసుంటోడో అని పాపం మనసుల అనుకున్నట్టున్నది.

వంతు వచ్చింది. ఆశీర్వాదం పదేండ్లు హైదరాబాద్ల ఇరానీ బేకరీల పనిచేసి వచ్చిన మనిషి. చేతులు మోచేతులదాంక మైదా, మొఖంల గొప్ప పనోనికుండే యిసుగు.

"మైదా యాడ అక్కా?"

"లేదు తమ్మీ."

"డాల్డా?"

"అది గూడ లేదు."

"చక్కెర?"

"అది అస్సలే వద్దు."

ఆశీర్వాదం సంచిల చెయ్యి వెట్టి పిండి తీసి, వేళ్ళ నడుమ రాసి చూసిండు. "మరి నా కాడికెందుకొచ్చినవక్కా? ముద్దలు చేసి మీ మిద్దె మీద ఎండవెట్టుకుంటె అయ్యేది. ఇది బిస్కెట్ కాదు, పిడక" అన్నడు. ఎనక కూసున్నోళ్ళు కిసకిస నవ్విండ్రు.

సత్యమ్మకు దుఃఖం ఆగలే. గంత మంది ముందలనే చెప్పేసింది. వేలు సంగతి, రెండు నెలల సంగతి, బావ మోకాలు సంగతి, రొట్టె ముట్టనంటున్న మొగని సంగతి. నవ్వినోళ్ళు నవ్వు ఆపిండ్రు. ఆశీర్వాదం గూడ మెత్తవడ్డడు. "ఏడ్వకక్కా. చేస్త. మీ ఆయన తినేతట్టు చేస్త సరేనా? మూడు గంటలైనంక రా" అన్నడు.

అప్పుడు సత్యమ్మ నోటిదాంక ఒక మాట వచ్చింది. జొన్నపిండికి మైదా లెక్క సాగే గుణముండదు, సలసల కాగిన ఉడుకునీళ్ళు పోసి పిసికితేనే ముద్దవడ్తది. రొట్టెలు కొట్టే ఏ ఆడిదానికైన ఎరుకున్న సంగతి. గని హైదరాబాద్ల పదేండ్లు పనిచేసినోనికి నేను చెప్పేదేందని మింగేసింది. రొట్టె అంటే ఆడోళ్ళ పని, బిస్కెట్ అంటే విద్య. విద్య తెల్సినోని ముందల నోరు మూసుకోవాలని మనకు చిన్నప్పటికెల్లి నేర్పిరాయె.

మందుల దుకాణం కాడ పని చూసుకొని మూడింటికి వచ్చేసరికి డబ్బా నిండి, మూత మీద పేపరు కట్టి తయారుగుంది. వాసనకు తోవ పోయేటోళ్ళు ఆగి చూస్తుండ్రు. ఆశీర్వాదం ఆమె మొఖం దిక్కు చూడకుంట, "కూలి వద్దులే అక్కా, మీ ఆయన పాణం బాగుంటే చాలు" అన్నడు. ఎంత మంచోడు, పండుగపూట పుణ్యం చేసుకుంటుండు అనుకున్నది సత్యమ్మ.

బస్సుల కూసొని ఆగలేక ఒకటి తీసి కొరికింది. బిస్కెట్ నాలిక మీద వెట్టంగనే ఎన్నపూస లెక్క కరిగింది. జొన్న అట్ల కరగదు. పుట్టినకాడికెల్లి జొన్న తిన్న నోరు ఆమెది, మోసపోయే నోరు గాదు. చేతి వేళ్ళు చూసుకుంటే నూనె మెరుస్తుంది. చెంచా నెయ్యికి గంత మెరుపు యాడిది? ఇది మైదా, ఇది డాల్డా, ఇది చక్కెర అని నోరు సాక్ష్యం చెప్పింది. గని మనసు ఒప్పుకోలే. ఖర్జూరం తీపి గావొచ్చు అన్నది. పల్లీల నూనె గావొచ్చు అన్నది. భట్టీల పెడితే జొన్నకు గూడ బుద్ధొస్తదేమో అన్నది. పెబ్బేరు వచ్చేసరికి ఆమె ఇంక రెండు తిన్నది, పరీక్ష చేయనీకె.

మర్నాడు పొద్దుగాల చెన్నయ్య ముందల పళ్ళెంల ఎనిమిది వెట్టింది. ఆయన యిసుక్కుంట ఒకటి తీసి, చాయ్‌ల ముంచి, నోట్ల వేసుకొని, కండ్లు మూసుకున్నడు. కండ్లు తెరవకుంటనే ఇంకోటికి చెయ్యి చాపిండు.

"సత్యా" అన్నడు. పెండ్లయి ఇర్వై రెండేండ్లాయె, ఏమే, ఓసేయ్, ఇగో తప్పితే పేరువెట్టి పిలిచినోడు గాదు. "సత్యా, నీ చేతుల ఏముందే! జొన్నలతోటి గిట్ల గూడ చేస్తరా? నువ్వుండంగ నాకు డాక్టరెందుకే!"

అయిపోయింది. ఇగ సత్యమ్మ నోట్ల కెల్లి నిజమెట్ల బయటికొస్తది? ఇర్వై రెండేండ్లు కూరల ఉప్పు తక్కువైంది, పులుసుల చింతపండు ఎక్కువైంది అనేటివే ఇన్న చెవులాయె. గా ఒక్క మాట చెవుల వడేసరికి ఆమెకు వేలు యాదికి రాలే, పుండు యాదికి రాలే. వంటింట్లకు పోయి మల్ల ఏడ్చింది, ఈసారి సంతోషంతోటి. బయటికొచ్చి తేలు కుట్టిన దొంగ లెక్క సప్పుడు జెయ్యకుంట నిలవడ్డది.

చెన్నయ్య ఊకుండే మనిషా! శనివారం సంతకొచ్చి ఎడ్లు కొన్నోళ్ళు, ఎడ్లు అమ్మినోళ్ళు అందరు ఆయన దుకాణంల ఒక్కో జొన్న బిస్కెట్ తినే పోవాలె. "షుగరు మందు ఇది. మా ఇంటామె చేసింది. హైదరాబాద్ల పెద్దోళ్ళంత ఇదే నాష్ట" అని చెప్తడు. తిన్నోళ్ళు "ఆహా, జొన్న జొన్ననే!" అంటరు. జొన్న పండిచ్చేటోళ్ళే గట్లంటే ఇగ ఎవరు కాదంటరు? రొట్టె తింటే దివాలా అంటరని భయపడ్డ మనిషి, జొన్న పేరు చెప్పుకొని మూడూర్లల మొనగాడైండు. సుహాసిని అయితే "ఆ రెసిపీ నాదే" అని కనవడ్డోళ్ళకల్లా చెప్పి, డైరీల ఆ పేజీ చుట్టు ఎర్ర పెన్నుతోటి గీత గీసుకున్నది.

ఎనిమిది తినేటోడు పన్నెండు తినవట్టిండు. ఎందుకయ్యా అంటే, "మందు గదనే! ఎక్కువ తింటే జల్ది మానదా?" అన్నడు. ఆయన తప్పేం లేదు. బస్తా చాలన్న కాడ రెండు బస్తాలేసే రైతులకు పదహారేండ్లు ఎరువులమ్మిన మనిషి. సత్యమ్మ సంక్రాంతి ముందల ఒకసారి, ఎనక ఒకసారి పిండి సంచి పట్టుకొని వనపర్తికి పోయింది. పోయినప్పుడల్లా ఈసారి అడగాలె అనుకునేది. ఆశీర్వాదం "ఎట్లున్నడక్కా అన్న?" అనేటోడు. "మంచిగున్నడు తమ్మీ, మస్తు తింటుండు" అని నవ్వి డబ్బా తీసుకునేది.

మంచిగ యాడిది! మాపటికి పుండు కడిగి కట్టు కట్టేది ఆమెనే. మొదలు పల్లీగింజంత ఉన్న పుండు రేగుపండంత అయింది. వేలు కొసకు నల్లవడ్డది. నొప్పి లేదంటడు, అది ఇంక భయం. ఒక దినం ఆ నల్లటి వేలు పట్టుకొని కట్టు చుట్టుడు ఆపింది. చెప్పేస్త, ఇయ్యాల చెప్పేస్త అని తల ఎత్తింది.

"రేపటికి బిస్కెట్లున్నయానే?" అన్నడు చెన్నయ్య. "నీ చేతి తిండే నాకు మందు. ఈ పుండు అదే పోతది."

"ఉన్నయి" అన్నది సత్యమ్మ.

ఫిబ్రవరి చివరల కర్నూలు పోయిండ్రు. రక్తం తీసిండ్రు, కాయిదం వచ్చింది. నాలుగు వందల పన్నెండు. డాక్టరు కాయిదం చూసి, కట్టు ఇప్పి వేలు చూసి, అద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. "ఏం తింటున్నవయ్యా?"

చెన్నయ్య గీ ప్రశ్న కోసమే చూస్తున్నట్టు సంచిల కెల్లి స్టీలు డబ్బా తీసిండు. డాక్టరుకు గూడ మందు నేర్పుదామని తెచ్చిండాయె. "జొన్న బిస్కెట్లు సార్. ఇంట్ల చేసినయి. జర రుచి చూడండ్రి."

డాక్టరు ఒకటి ఇరిచి, ముక్కను మందుల చీటీ మీద పెట్టి బొటనవేలుతోటి ఒత్తిండు. కాయిదం మీద నూనె మరక పారి, కింద రాసిన అక్షరాలు ఇవతలికి కనవడ్డయి. ఇంకో ముక్క నోట్ల వేసుకున్నడు.

"చాలా బాగున్నయి" అన్నడు. "ఇంత బాగున్నయంటే ఇందులో జొన్న లేనట్టే కదమ్మా? అంతా మైదా, డాల్డా, చక్కెర. ఎల్లుండి పొద్దున ఆపరేషన్ పెట్టుకుందాం. ఇప్పుడన్నా తీస్తే వేలుతో పోతుంది. ఇంకో నెల ఆగుంటే పాదం దాకా వచ్చేది."

చెన్నయ్య లేచి నిలవడ్డడు. "ఆశీర్వాదంగాడు నన్ను చంపిండు! వాని భట్టీ మీద మన్ను వడ! వాన్ని ఊకె ఇడిసిపెట్ట" అని దవాఖాన దద్దరిల్లేటట్టు ఒర్రిండు. డాక్టరు సత్యమ్మ మొఖం చూసిండు, ఆమె నేల చూసింది.

మర్నాడు చెన్నయ్యను దవాఖానల ఉంచి, బట్టలు తెచ్చేదుందని చెప్పి బయటవడ్డది. పెబ్బేరుల దిగలే. సీద వనపర్తికి పోయింది. తోవ పొడుగూత తిట్లు కూడవెట్టుకున్నది. భట్టీ ముందల నిలవడి ఒక్కటొక్కటి తీసింది. నీ చేతులిరగ, నా మొగని వేలు పోతుంది గదరా, ఏం పాపం చేసినమురా నీకు!

ఆశీర్వాదం పిండి చేతులతోటే బయటికొచ్చిండు. మొఖం తెల్లవోయింది. "వేలు తీస్తరంటనా అక్కా?" అని అట్లనే నిలవడ్డడు. ఇగ ఉన్నదున్నట్టు చెప్పిండు.

"మొదటి ట్రే నువ్వు చెప్పినట్టే చేసిన అక్కా, ఏసు మీద ఒట్టు. బయటికి తీసేసరికి ఇసుక లెక్క రాలింది. పట్టుంటదని పిడికెడు మైదా ఏసిన. పట్టుకుంది గని గొంతుల దిగలే. దిగనీకె జర డాల్డా ఏసిన. డాల్డా వడ్డంక చక్కెర లేకుంటే నోట్ల వెట్టబుద్ధయితదా? అట్ల పోంగపోంగ నీ జొన్న రంగుకు మిగిలింది. మీ ఆయన తినకపోతే నువ్వు ఏడుస్తవని చేసిన. అబద్ధమెందుకు, నా ఇజ్జత్ గూడ చూసుకున్న. ఆశీర్వాదం భట్టీల కెల్లి ఇసుక బయటికి పోయిందంటే మంది ఏమంటరు?"

"ఉడుకునీళ్ళు పోసి కలపాలెరా దాన్ని! సల్లనీళ్ళకు జొన్న యాడ పట్టుకుంటది!"

"నాకేమెరుకక్కా? నాకు మైదానే తెల్సు. నువ్వు చెప్పకపోతివి."

సత్యమ్మ కూడవెట్టుకున్న తిట్లల్ల సగం మిగిలే ఉన్నయి గని ఒక్కటి గూడ అక్కరకు రాలే. ఆశీర్వాదం తల వంచుకొని మెల్లగ అన్నడు. "రెండోసారి వచ్చినప్పుడు తంతవేమో అనుకున్న. జొన్న తిని పెరిగినదానివి, నోట్ల వెట్టుకుంటే తెల్వకుంటదా? నువ్వు నవ్వుకుంట డబ్బా తీస్కపోతివి. తెల్సే తీస్కపోతుంది, ఇంట్ల ఏమన్న ఒప్పందమైందేమో అనుకొని ఊకున్న."

సత్యమ్మ అక్కడున్న మైదా బస్తా మీదనే కూలవడ్డది. ఇన్నేండ్లల ఎవ్వరు ఆమెను గంత సరిగ్గ కొట్టలే.

ఆపరేషన్ అయింది. చిటికెన వేలు పోయింది. మర్నాడు పొద్దుగాల చెన్నయ్య మంచం మీద కాలు ఎత్తుకు పెట్టుకొని పండుకున్నడు, ఊరందర్నీ తిడుతుండు. ఆశీర్వాదాన్ని తిట్టిండు, చెప్పులమ్మినోన్ని తిట్టిండు, రెండు నెలల కింద బెదిరిచ్చింది సరిపోలేదని డాక్టర్ని తిట్టిండు, సుహాసినిని, ఆమె డైరీని, టీవీని తిట్టిండు. తిట్టి తిట్టి అలిసిపోయి, పెండ్లాం చెయ్యి పట్టుకున్నడు.

"గింత మందిల నువ్వొక్కదానివేనే నా కోసం కష్టపడ్డది. సలిల వనపర్తికి తిరిగితివి. నీ తప్పేం లేదు."

సత్యమ్మ చెయ్యి గుంజుకున్నది.

"ఉన్నది" అన్నది. "నాకు బస్సులనే తెల్సింది. మొదటి దినమే, మొదటి బిస్కెట్ నోట్ల వెట్టుకున్నప్పుడే తెల్సింది. నువ్వు పేరువెట్టి పిలిచినవు. మెచ్చుకున్నవు. ఇగ చెప్పబుద్ధి గాలే. వేలు నల్లగైతుంటే చూసుకుంట గూడ చెప్పలే. నీ వేలు నేనే తిన్న."

చెన్నయ్య పైన తిరిగే ఫ్యాను దిక్కు చూసుకుంట పండుకున్నడు. ఇప్పుడు తిడతడు, ఇప్పుడు చెయ్యెత్తుతడు అని సత్యమ్మ కండ్లు మూసుకున్నది. తిట్టిన బాగుండు అనుకున్నది.

"నేను జీతమున్నప్పుడు తిన్న రొట్టెలు పేరిస్తే ఈడికెల్లి పెబ్బేరుకు రోడ్డయితది" అన్నడు చివరికి. "జొన్న రుచి నాకు తెల్వదానే?"

సత్యమ్మ కండ్లు తెరిచింది.

"మొదటిది చాయ్‌ల ముంచినప్పుడే తెల్సింది. ముంచంగనే చాయ్ మీద డాల్డా తెట్టె కట్టె. నీ మొఖం చూసిన. పెండ్లయినకాడికెల్లి నీ మొఖంల గంత ఆశ ఎన్నడు చూడలే. అందుకే మెచ్చుకున్న. మెచ్చుకుంటే నువ్వు ఖుషీ అయితివి. మల్ల, మంచిగుండెనాయె." ఆయన మల్ల ఫ్యాను దిక్కు తిరిగిండు. "నిజం చెప్తే రేపటికెల్లి రొట్టె పెడతవని భయమైంది. జొన్న అనుకుంట తింటే షుగరు ఏమన్న తక్కువ ఎక్కుతదేమో అనుకున్న."

సత్యమ్మ ఆయన దిక్కు చూసింది. ఆయన కట్టు కట్టిన కాలు దిక్కు చూసింది. రెండు నెలలు ఒకే పళ్ళెం ముందల కూసొని, తెల్సినోళ్ళిద్దరు తెల్వనట్టు ఒకరి మొఖం ఒకరు చూసుకొని నవ్విండ్రు. లోపల ఎన్నడో ఆగిపోయిన దుఃఖం ఒక్కసారి తెగి, వార్డంత ఇనవడేటట్టు బోరున ఏడ్చింది.

ఆ ఏడుపుకు నర్సమ్మ ఉరికొచ్చింది. సూది మందు చేతుల పట్టుకొని చెన్నయ్య మీదికి వంగింది. "ఏమైంది? నొప్పి బాగా వస్తోందా?"

"నాకు గాదమ్మా, నాకు ఏం లేదు" అన్నడు చెన్నయ్య. "జర ఆమెకు చూడు."